మోయిజ్ కంప్యూటర్‌లో జ్యోత్స్న పేరు

అన్నం కలుపుతున్న జ్యోత్స్న చెయ్యి ఆగిపోయింది.

"మళ్ళొకసారి చెప్పు యాడీ. మోయిజన్నకు ఏమన్నవ్ నువ్వు?"

కూతురి ముఖం చూసేసరికి లాలి గరిటె కింద పెట్టేసింది. ఏదో మాటల్లో మాటగా చెప్పిన సంగతి అది.

"ఏమంట? ఫోనొస్తే నువ్వు బయటికి పోతివి. పాస్‌వర్డ్ దాచాల్నా వద్దా అని కంప్యూటర్ అడుగుతాందమ్మా అన్నడు. దాచు బిడ్డా, మా పిల్ల మరిచిపోతది అన్న. నాయి గూడ అన్ని ఆయనే గదా దాచేది."

ఏన్కూరులో మోయిజ్ ఇంటర్నెట్ షాపు పద్ధతే అది. గ్యాస్ బుకింగ్ కానీ, పిల్లల స్కాలర్‌షిప్ కానీ, తండాల నుంచి వచ్చేవాళ్ళకు పాస్‌వర్డ్‌లు గుర్తుండవు. అందుకని అందరివీ తన కంప్యూటర్‌లోనే దాచిపెడతాడు. మనిషి గుమ్మంలో కనబడగానే పేరు నొక్కుతాడు, పని అయిపోతుంది. అయిదో తరగతితో బడి మానేసిన లాలికి అంతకు మించిన ఉపకారం లోకంలో లేదు.

జ్యోత్స్న చెయ్యి కడుక్కుని లేచింది. "నడువు. షాపు మూసేలోపల పోవాలె."

"ఏమైందే? చెప్పి పో."

ఆటో కోసం రోడ్డు మీద నిలబడ్డప్పుడు చెప్పింది. ఆమె ఇంటి నుంచే పనిచేసే హైదరాబాద్ కంపెనీలో అందరూ రాసే ప్రోగ్రామ్ ఒక్కచోటే ఉంటుంది. గిట్ అనే సాఫ్ట్‌వేర్ దాన్ని కాపలా కాస్తుంది. ఎవరు ఏ లైను మార్చారో పేరుతో సహా రాసిపెట్టుకుంటుంది. మొన్నటి వానకు రేకుల సందులోంచి నీళ్ళు కారి లాప్‌టాప్ తడిసింది. ఖమ్మంలో రిపేరుకిచ్చారు. చేరి ఏడాదైనా కాలేదు, లాప్‌టాప్ పాడుచేశానంటే ఏమంటారోనని జ్యోత్స్న కంపెనీకి చెప్పలేదు. నిన్న మోయిజ్ షాపులో కూర్చుని తన పని పంపింది. ఆ పని బయటి కంప్యూటర్లలో తెరవొద్దని కంపెనీ మొదటి రోజే చెప్పింది.

"ఇప్పుడు ఆ కుర్చీల ఎవరు కూసున్నా, నేను కూసున్నట్టే."

"వాళ్ళేమన్న తప్పు రాస్తే?"

"నా పేరే పడ్తది."

ఆటో ఎక్కాక లాలి బయటికి చూడలేదు. ఇరువైపులా పత్తిచేలు పోతున్నాయి, ఆమె కళ్ళకు మాత్రం టీవీ వార్తలే కనబడుతున్నాయి. ముఖాలకు గుడ్డలు కట్టి నిలబెట్టిన దొంగల వరస, ఆ వరస చివర తన బిడ్డ చున్నీ. తండాలో బద్యా ఎవరికో ఫోన్‌లో ఓటీపీ చెప్పి మోసపోయాడు. ఆ రోజు నుంచి అల్లుడు చేసినా ఫోనెత్తడు. బద్యాది ఒక్క ఇల్లు. ఇది కంపెనీ కంపెనీయే. పైగా దాచమన్నది తను. పోలీసులు అడిగితే ఆ మాటే చెప్పాలనుకుంది. మరి తననొక్కదాన్నే తీసుకుపోతారా, ఇద్దరినీనా?

షాపు తెరిచే ఉంది. నిన్న జ్యోత్స్న కూర్చున్న కుర్చీలోనే ఎవరో ఆడపిల్ల కూర్చుని ఉంది. లాలి గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది.

"రా లాలమ్మా. మా షబ్రీన్‌లే, చెల్లె. కాలేజీ ప్రాజెక్టంట, పొద్దటి నుంచి కంప్యూటర్‌తోని కొట్లాడుతాంది" అన్నాడు మోయిజ్.

షబ్రీన్ తల తిప్పకుండానే గొణిగింది. "కొట్లాడక ఏం జెయ్యాలె భయ్యా? గిట్‌లకు నా ప్రాజెక్టు నేను పంపుతా అంటే జ్యోత్స్నకు పర్మిషన్ లేదంటది. ఈ జ్యోత్స్న ఎవరో గానీ నా పానం తీస్తాంది."

"నేనే" అంది జ్యోత్స్న.

షబ్రీన్ కుర్చీలోంచి దిగ్గున లేచింది. "అక్కా, నేనేం చెయ్యలే. నీదేది తెరవలే. అమ్మతోడు."

ఇంతసేపూ లాలి ఊహించుకున్న దొంగ ఈ పిల్లే. తన బిడ్డకంటే ఎక్కువ వణుకుతోంది.

జ్యోత్స్న కూర్చుంది. దాచిన పేర్లన్నీ ఉండే చోటు తెరిచింది. తండా తండాయే వరసగా కనబడింది, గోప్యా, మోతీలాల్, ప్రమీలారాణి. గిట్ పక్కన తన పేరు. దాన్ని తీసేసింది. షబ్రీన్‌ను పిలిచి ప్రాజెక్టు పంపమంది. ఈసారి ఎవరు నువ్వు అని కంప్యూటర్ అడిగింది. షబ్రీన్ తన పేరు కొట్టింది, ప్రాజెక్టు వెళ్ళింది. తర్వాత జ్యోత్స్న తన ఫోన్‌లో కంపెనీ రికార్డు చూసింది. ఆఖరి మార్పు తను నిన్న పంపిందే.

"అయితే ఏం కాలే గదా? పోదాం పా" అంది లాలి.

"మార్చినోళ్ళ పేరే రాసుకుంటది యాడీ, చూసినోళ్ళది కాదు. అన్నా, నిన్నటి నుంచి ఇక్కడ ఎంతమంది కూసున్నరు?"

మోయిజ్ తల గోక్కున్నాడు. "సంత రోజు గదమ్మా. ఎవరని చెప్పాలె?"

జ్యోత్స్న ఫోన్‌లో, కంపెనీలో తన పైనుండే రామ్‌చందర్ సార్ నంబరు తీసింది. లాలి ఆ చెయ్యి పట్టుకుంది.

"చెప్పకే. ఎవ్వలకు తెల్వదు. తీసేసినవ్ గదా."

"నేను చెప్పకుంటే భయం నాతోనే ఉంటది. నీ లెక్క."

కూతురు చెట్టు కిందికి పోయి మాట్లాడుతుంటే లాలి ఆ పెదవులే చూస్తూ నిలబడింది. ఒక్క మాటా వినబడలేదు. లాలికి సీతలా భవానీ దగ్గర నుంచి భద్రాద్రి రాముడి దాకా దేవుళ్ళందరూ గుర్తొచ్చారు.

జ్యోత్స్న తిరిగొచ్చింది. కళ్ళు ఎర్రబడ్డాయి. "తిట్టిండు. నా లాగిన్ ఆపేసిండు."

"అంటే తీసేసిండా?"

"తడిసిన లాప్‌టాప్ పట్కొని సోమవారం ఆఫీసుకు రమ్మన్నడు. వేరేది ఇస్తడంట. తీసేసేటోడు లాప్‌టాప్ ఇస్తడా?"

లాలికి నమ్మకం కుదరలేదు. లాప్‌టాప్ ఆశ చూపి పిలిచి, అక్కడ పట్టుకుంటారేమో. సోమవారం తనూ వెంట పోవాలని అప్పుడే నిశ్చయించుకుంది. అంతలో కంప్యూటర్‌లో చూసిన ఆ పేర్ల వరస గుర్తొచ్చింది.

"మోయిజ్ బిడ్డా, నాయి గూడ తీసెయ్యి."

"తీస్తే నీకెట్ల గుర్తుంటదమ్మా?"

"ఉంటది. చెప్పు."

మోయిజ్ ఆమెవన్నీ తీసేసి, వాటన్నిటికీ ఉన్న ఒక్క పాస్‌వర్డ్‌ను చెవి దగ్గర మెల్లగా చెప్పాడు. ఒకటికి రెండుసార్లు చెప్పించుకుంది.

తిరుగు ఆటో నిండా మనుషులు. లాలి కళ్ళు మూసుకుని పెదవులు కదుపుతోంది. జ్యోత్స్న మోచేత్తో పొడిచింది.

"యాడీ, వినబడుతాంది."

లాలి నోరు గట్టిగా మూసుకుంది. పక్కన కూర్చున్న పెద్దమనిషి తననే చూస్తున్నట్టనిపించి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తండా మలుపు వచ్చేసరికి పాస్‌వర్డ్‌లో సగం పోయింది. కూతుర్ని అడగాలంటే ఆటోలో ఇంతమంది ఉన్నారు.