రోవినా జిల్లా సంతకం

సవీనా సంచిలో ముందు ఉన్ని మేజోళ్లు రెండు జతలు పెట్టింది. వాటి మీద సబ్బు, తువ్వాలు, గుడ్డలో చుట్టిన ఉప్పు పంది కొవ్వు, రెండు ఉల్లిపాయలు, సగం రొట్టె. అన్నీ సర్దాక మళ్లీ వంటింట్లోకి వెళ్లి, చెక్క చెంచా ఒకటి తెచ్చి మేజోళ్ల మధ్య దోపింది.

మొగుడు స్పిరిదోన్ గడ్డం గీసుకుంటూ అద్దంలోంచి అదంతా చూశాడు.

"చెంచా ఎందుకే? జిల్లా ఆఫీసులో నాకు సూపు పోస్తారా?"

"పోసినా పొయ్యకపోయినా ఉండనీ."

"నాలుగింటి బస్సుకి వచ్చేస్తానన్నాను కదా."

"వెళ్లేవాళ్లంతా అదే చెప్తారయ్యా."

ఉత్తరం ఆమె జేబులోనే ఉంది. సోమవారం పొద్దున తొమ్మిదింటికి గుర్తింపు కార్డుతో పన్నెండో నంబరు గదిలో హాజరు కావలెను. ఎందుకో రాయలేదు. ఆమెకు మాత్రం తెలిసినట్టే ఉంది. మెరీష్ పంచాయతీని కింది ఊరి పంచాయతీలో కలిపేద్దామని జిల్లా వాళ్లు పోయిన నెల అడిగారు. ఆ సభకు అధ్యక్షుడు స్పిరిదోన్. తొమ్మిది మంది సభ్యుల్లో ఏడుగురు వద్దని చేతులెత్తారు. ఆ తీర్మానం తన చేత్తోనే రాసి, సంతకం పెట్టి పంపాడు. కాదని రాసినవాణ్ణే ఇప్పుడు పిలిచారు.

స్పిరిదోన్ గేటు దాటుతుంటే పక్కింటి జాంఫీరా కంచె మీదికి వాలింది.

"ఏం వదినా, అన్నయ్య మీసం దువ్వుకుని మరీ పోతున్నాడు, పెళ్లిచూపులకా?"

"నీ నోటికి తాళం వెయ్య! పిలిచింది జిల్లా వాళ్లే."

"పిలిస్తే? ఇప్పుడెవరు పట్టుకుపోతారు వదినా? ఇప్పుడు వాళ్లకి మన ఓట్లు కావాలి."

"అప్పుడూ మర్యాదగానే పిలిచారు," అంది సవీనా.

అప్పుడు ఆమెకు ఇరవై ఏళ్లు. తండ్రి గవ్రిలాకు ఇలాంటి కాగితమే వచ్చింది. సంచి ఆమే సర్దింది. అన్నీ పెట్టింది, చెంచా తప్ప. మూడేళ్లకు, ఆయన్ని పెట్టిన జైల్లోంచి బయటపడ్డ ఒకాయన చెప్పాడు, లోపల ఎవరి చెంచా వాళ్లే తెచ్చుకోవాలని, లేనివాడు పక్కవాడు తిని ఇచ్చేదాకా చల్లారిన గిన్నె ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలని. ఆనాటి నుంచి చెంచా లేకుండా ఆ ఇంట్లోంచి ఏ సంచీ గడప దాటలేదు.

ఆ మధ్యాహ్నం సవీనా రెండున్నరకే వెళ్లి బస్సు ఆగే చోట నిలబడింది. నాలుగుంపావుకి బస్సొచ్చింది. పంతులమ్మ దిగింది, కోళ్ల బుట్టతో ఇద్దరు దిగారు. తలుపు మూసుకోబోయింది. సవీనా రెండు చేతులతో తలుపు పట్టుకుంది.

"నాయనా, మా ఆయన ఎక్కలేదా? సంచీ, మీసం..."

"ఎక్కాడవ్వా. వంతెన దగ్గర దిగాడు. పంచాయతీ ఆఫీసులో పనుందట."

"నిజంగా దిగాడా?"

"దిగక, నేను తోసేశాననుకున్నావా?"

అక్కడే రాతి మీద కూలబడింది. కాసేపటికి రోడ్డు మలుపులో ఆ టోపీ, ఆ సంచీ కనబడ్డాయి.

"ముందు ఇంటికి రావాలని తెలీదా నీకు?" అని అరిచింది, లేచే ఓపిక లేక.

"కాగితం ఇచ్చొద్దామని ఆగానే. ఇంతకీ నన్నెందుకు పిలిచారో తెలుసా? తీర్మానం పైన 'రోవినా జిల్లా, మెరీష్ పంచాయతీ' అని రాశానట."

సవీనా నోరు తెరిచింది. "అయితే ఏమైంది? మనది రోవినాయేగా!"

"యాభైలోనే ఎత్తేశారు కదే దాన్ని!"

1950, దేశంలో జిల్లాలన్నీ రద్దయిన ఏడాది అది. అరవై ఎనిమిదిలో జిల్లాలు తిరిగొచ్చాయి కానీ రోవినా రాలేదు. మెరీష్‌ను బ్రాదు జిల్లాకు ఇచ్చారు. అయినా సంతలో ఎవరైనా ఏ ఊరని అడిగితే మెరీష్ వాళ్లు ఇప్పటికీ రోవినా అనే అంటారు. బడిలో అలా రాయడం నేర్చిన స్పిరిదోన్ చెయ్యి డెబ్బై నాలుగేళ్లప్పుడూ అలాగే రాసింది.

"ఆ గదిలో పిల్ల పటమంతా వెతికిందట. 'తాతా, ఈ జిల్లా ఎక్కడుంది?' అంది. 'మా ఊళ్లో ఉందమ్మా' అన్నాను. పడీపడీ నవ్వింది. మళ్లీ రాయించుకుని ముద్ర కొట్టింది. మన పంచాయతీ మనదే, ఎవరితోనూ కలపరు."

"అంతేనా?"

"అంతే. నీ కొవ్వూ ఉల్లిపాయలూ ఇద్దరం కలిసి లాగించాం. పాపం, పెరుగు డబ్బా తెచ్చుకుని చెంచా మర్చిపోయింది. నీదిచ్చాను."

"ఇచ్చేసి వచ్చావా?"

"కడిగి తెచ్చాను, చూసుకో."

ఆమె సంచిలో చెయ్యి పెట్టి తడిమింది. చెంచా ఇంకా తడిగానే ఉంది. నవ్వొచ్చింది, దాంతో పాటే ఏడుపూ వచ్చింది. మొగుడి చెయ్యి పట్టుకుని లేచింది. ఇంటికెళ్లాక మేజోళ్లు పెట్టెలో పెట్టి, చెంచా దాని మేకుకే తగిలించి, పొయ్యి మీద సూపు పెట్టింది.

ఆమె తండ్రి గవ్రిలా 1951 మార్చి పన్నెండు, సోమవారం నాడు రోవినా పట్నానికి వెళ్లాడు. తిరిగి రాలేదు.