లేవని పొర

సుత్తి దెబ్బకు రాయి మోగింది.

ఇత్తడి బిందెను వేలితో మీటినట్టు — సన్నగా, పొడవుగా, నేల లోపలికి పోయి మళ్ళీ పైకి వచ్చేటట్టు.

మంచి నాపరాయి మోగుతుంది. పగులున్న రాయి మూలుగుతుంది. మాచర్ల దాపున, ఆ క్వారీ గట్టు మీది గుడిసెల్లో పుట్టిన బిడ్డ, అమ్మ గొంతు తర్వాత పోల్చుకునేది ఆ తేడానే.

అక్కడ రాయి కొట్టే కొండలు ఆ తేడా పోల్చుకోగలడు. చెన్నయ్య ఇంకా బాగా పోల్చుకోగలడు.

రాయికి పొరలుంటాయి. అట్ల దొంతరలా, పొర కింద పొర. ఒక్కో పొరనూ పలుగులతో సందు చేసి, ఊపిరి బిగబట్టి లేపుతారు. బండలుగా కోసి లారీకెత్తుతారు. లేచిన పొర కింద ఇంకో పొర ఉంటుంది — అప్పుడే ముఖం కడిగిన బిడ్డలా, చల్లగా, ఒంటి మీద ఒక్క గీతైనా లేకుండా.

ఆ గీత లేని రాయి మీద వాళ్ళు పులిజూదం గీసుకునేవారు.

మధ్యాహ్నం సద్దిమూటలు విప్పి తిన్నాక, నీడ క్వారీ గోడ వారగా చాప పరిచాక, ఆట మొదలయ్యేది. పులులు మూడు పెంకుముక్కలు. మేకలు గుప్పెడు చింతగింజలు. పులులు ఒక్కడివి, మేకలు మిగతావాళ్ళవి, వంతుకొకడు. పులి మేక మీదుగా దూకితే మేక చచ్చినట్టు. కదలడానికి చోటు లేకుండా మేకలు చుట్టుముడితే పులిని కట్టేసినట్టు. కట్టినవాడికే పులులు దక్కుతాయి.

గెలిచిన ప్రతి ఆటకూ బండ అంచున ఉలితో ఒక గంటు. ఒక పక్క పులి గంట్లు, ఎదుటి పక్క మేక గంట్లు.

ఆ గంటును ఓడినవాడే చెక్కాలి. అది అక్కడి మర్యాద.

మరి పొర లేచిన నాడు —

ఆట కూడా లేచిపోయేది. గీతలతో, గంట్లతో, గెలిచిన గర్వంతో, ఓడిన ఉక్రోషంతో సహా లారీ ఎక్కి పోయేది. నరసరావుపేటలోనో రాజుపాలెంలోనో ఎవరింటి వసారాలోనో బోర్లా పరుచుకునేది. దాని వీపు మీద పిల్లలు పాకేవారు. దాని ముఖం మట్టిలో నిద్రపోయేది.

పొర లేచింది, లెక్క పోయింది — అనేవారు వాళ్ళు. పులి అయినవాడు మళ్ళీ మేకల్లో కూర్చునేవాడు. పాత పొర మీద అందరికంటే ఎక్కువగా ఓడినవాడు కొత్త పొర మీద మొదటి గీత గీసేవాడు. అదీ మర్యాదే.

ఆ మొదటి గీత ఎప్పుడూ చెన్నయ్యదే.

కొండలుకు ఆట నేర్పినవాడు చెన్నయ్యే. మీసం రాని వయసులో వాడి వేళ్ళు పట్టుకుని, పులి ఎక్కడ ఆకలిగొంటుందో, మేక ఎక్కడ ఏమరుస్తుందో చూపించాడు. నేర్పిన చేతిని నేర్చిన చేయి దాటిపోయింది. కొత్త పొర మీద చీటీల్లో పులి ఎవరికొచ్చినా, రెండు మధ్యాహ్నాలు గడవకముందే దాన్ని కొండలు కట్టేసేవాడు. ఒకసారి పులి వాడి చేతికొచ్చిందా — ఇక పొర లేచేదాకా దిగేది కాదు.

చెన్నయ్య ఒక్కసారీ వాణ్ణి కట్టలేకపోయాడు.

"వొచ్చే పొరలో కడతాన్రా నిన్ను. రాసిపెట్టుకో," అనేవాడు గంటు చెక్కుతూ.

"ఎన్ని పొరలకని రాసుకునేది మావా? పలక నిండింది," అనేవాడు కొండలు.

"నిండితే తుడువు. పొర లేత్తంది గదా!"

నవ్వు... క్వారీ గోడలకు తగిలి తిరిగొచ్చేది. రాయి మోగినట్టే.

వచ్చే పొర. వచ్చే పొర. చెన్నయ్య ఆ మాట మీదే బతికాడు. కొండలు ఆ మాట వినడం మీదే బతికాడు — కాని అది వాడికి అప్పుడు తెలియదు.

రెండ్రూపాయల బియ్యం వచ్చిన మరుసటి ఏడు, వేసవిలో, ఒక పొర లేచింది. కింద కొత్త పొర ముఖం చూపింది. మేస్త్రీ ధనుంజయరావు సుత్తితో కొట్టి చూశాడు.

రాయి మోగలేదు.

ఇంకో మూల కొట్టాడు. మూలిగింది. నడుమ కొట్టాడు. మూలిగింది.

"అంతా చిట్లిపోయిందిరా," అన్నాడు మేస్త్రీ. "ఇది లేవదు. లేపితే ముక్కలే. దీని కింద నల్లచట్టు, ఉలికి తెగని బండ. పక్క గోడల్లో ఉన్నకాడికి కోసుకుని, వానలకు ముందే మూసెయ్యమన్నాడు క్వారీ ఆసామి."

గట్టు మీద లారీ ఇంజను ఆగిన చప్పుడు వినబడింది.

ఆ మధ్యాహ్నం చెన్నయ్య ఉలి పట్టి, ఎప్పటిలా మొదటి గీత గీశాడు. ఎప్పటికంటే నెమ్మదిగా గీశాడు. ఎప్పటికంటే లోతుగా గీశాడు. మధ్యలో ఆగి దగ్గాడు... చాలాసేపు దగ్గాడు. రాతిదుమ్ము తాగిన రొమ్ము అది.

చీటీల్లోనే పులి కొండలు చేతికొచ్చింది. గంట్లు పడ్డాయి. ఒకటి పక్కన ఒకటి, కొండలు వైపే, చీమలబారులా.

అప్పుడు — ఎవరు ముందు గమనించారో గాని — ఆట చుట్టూ కూర్చునేవాళ్ళు పలచబడ్డారు. ఒకడికి పంటినొప్పి. ఒకడికి నిద్ర. ఒకడు సాగర్ కాలువ పనికి పోయాడు. ఉన్నవాళ్ళు కూడా బీడీ ముట్టించుకుని దూరాన కూర్చునేవారు. ఆ బండ కేసి చూసేవారు కాదు.

కొండలు పిలిచేవాడు. "రండ్రా, పొద్దింకా ఉంది గదా!"

"ఎందుకులే కొండలూ," అన్నాడు లారీ డ్రైవరు కాలేషా, టవలుతో ముఖం తుడుచుకుంటూ. "ఇంతకుముందంటే ఓడినా ఆ గంటు నా లారీ ఎక్కి పోయేది. ఇప్పుడు ఓడితే ఈడనే పడుంటది గదా, మా మనవలొచ్చి చూసేదాకా."

వాడు హాస్యానికే అన్నాడు. కొండలు నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

లేచే పొర మీద ఓటమి, వానకు ముందటి ముగ్గు. లేవని పొర మీద ఓటమి — పచ్చబొట్టు.

పులి గెలిచింది. మందంతా లేచిపోయింది. మూడు పెంకుముక్కలు అరచేతిలో పెట్టుకుని కొండలు కూర్చునేవాడు. ఇంత నేర్పు. ఏం చేసుకోవాలి దీన్ని? మేకలు లేని అడవిలో పులి ఏం తింటుంది? గడ్డి తినలేదు. తన నీడను తినలేదు...

"మూడు పెంకులు, గుప్పెడు చింతగింజలు," అనేది వాడి భార్య లింగమ్మ, గంజి పోస్తూ. "దానికే మొగం ఇట్టా ఏలాడేసుకోవాల్నా? గెలిత్తానే ఉండావుగా!"

"గెలిత్తానే ఉండా," అనేవాడు కొండలు.

అంతే. గంజి తాగి లేచేవాడు.

చెన్నయ్య ఒక్కడే వచ్చేవాడు. రెండు గింజలు పెట్టి దగ్గేవాడు. నాలుగు గింజలు పెట్టి ఆయాసపడేవాడు. నరసరావుపేటలో డాక్టరుకు చూపించుకుని వచ్చిన నాడు, బండ మీద చతికిలబడి, తనలో తను నవ్వుకున్నాడు.

"నా రొమ్ము మీద తట్టి చూశాడురా ఆయన. మనం బండను చూసినట్టే."

"ఏమన్నాడు మావా?"

"ఆయన అనేదేంది, నేనింటిగా! మోగలా."

గాలి ఆగింది. క్వారీ గోడ మీద తొండ తల ఎత్తి, దించింది.

"ఇక బిడ్డ కాడికి రాజుపాలెం పోవాల. దుమ్ము తగలగూడదంట," అన్నాడు చెన్నయ్య. "పొయ్యేలోపల ఒక్కసారి కడతాన్రా నిన్ను. ఒక్క గంటు. మనసు దీనికే కొట్టుకుంటంది, సిగ్గులేకుండా."

ఒక్క గంటు.

ఆ మాట రాత్రంతా కొండలు పక్కలో గులకరాయిలా గుచ్చింది. ఎన్ని పొరల మీద, ఎన్ని గంట్లు! ఒక్కటి ఇస్తే ఏం పోతుంది? వేళ్ళు పట్టి నేర్పినవాడు. వచ్చే పొర లేనివాడు.

మర్నాడు ఆట.

ఎలా తెలిసిందో, పలచబడ్డ మనుషులంతా వచ్చి చుట్టూ నిలబడ్డారు. కాలేషా లారీ దిగి వచ్చాడు. చెన్నయ్య గింజ తర్వాత గింజ పెట్టాడు. గురి తప్పని చూపుతో. ఒక పులిని మూలకు తోశాడు. ఇంకోదాన్ని గీతల అంచుకు ఆనించాడు. మూడో పులి ముందు మాత్రం ఒక మేక ఒంటరిగా నిలిచింది — దాని వెనక చోటు ఖాళీ.

దూకవచ్చు. దూకితే ఆట కొండలుది.

కొండలు దూకలేదు. పులిని పక్కకు జరిపాడు.

చెన్నయ్య గింజ పట్టుకున్న చేయి ఒక్క క్షణం గాలిలో ఆగింది. తర్వాత దిగింది. ఆ గింజ ఖాళీని మూసేసింది.

పులులు కట్టుబడ్డాయి.

"కట్టాడురోయ్! చెన్నయ్య మావ కట్టాడు!" కేకలు. ఈలలు. కాలేషా పరుగున పోయి లారీ హారను మోగించాడు. కొండలు ఉలి తీసుకుని, ఓడినవాడి మర్యాదగా, మేకల పక్కన గంటు చెక్కాడు. అందంగా చెక్కాడు. లోతుగా చెక్కాడు.

వాడి గుండె తేలికపడింది. ఎన్నాళ్ళకో.

జనం చెదిరారు. చెన్నయ్య కదలలేదు. బండ మీదికి వంగి, చివరి గింజను తీశాడు. జరిగిన పులిని వెనక్కి, దాని చోటికి జరిపాడు. ఒంటరి మేక మీద వేలు ఆనించాడు.

"ఇక్కడ నోటికాడ పెట్టానురా మేకను. పొరపాటున పెట్టా. నువ్వు దూకలా."

"కనపళ్ళా మావా."

"నీకా?"

కొండలు తల వంచుకున్నాడు.

చెన్నయ్య బొటనవేలితో ఆ కొత్త గంటును తడిమాడు. గంటులోని తెల్లని పొడి వేలికి అంటుకుంది.

"ఇంకో పొర మీదైతే నవ్వి ఊరుకునేవాణ్ణి," అన్నాడు నెమ్మదిగా. "పొర లేచేది, ఈ అబద్ధమూ లేచిపొయ్యేది. ఇది లేవదు గదరా. నాకని ఒక్కటే గంటు. అదీ బిచ్చం గంటు. ఎప్పటికీ ఈడనే ఉంటది."

"మావా, ఇంకో ఆట ఆడదాం. రేపు. నిజంగా ఆడతా..."

"నువ్విక నిజంగా ఆడినా నాకు తెలవదుగా. పులిని నమ్మకపోతే మేకకు ఆటేముంది?"

చింతగింజలు ఏరి, కండువా చెంగున ముడి వేసుకున్నాడు. బండల మెట్లు ఎక్కాడు. మెట్టుకోసారి ఆగాడు. దగ్గు పైకి పోయింది... గట్టు దాటింది... వినబడకుండా పోయింది.

కట్టినవాడికి దక్కాల్సిన మూడు పెంకులు కొండలు చేతిలోనే మిగిలాయి.

తొలకరికి ముందే క్వారీ మూసేశారు. మనుషులు తలా ఒక దిక్కుకు పోయారు. ఒక సాయంత్రం కాలేషా, కొండలు గుడిసె ముందు లారీ ఆపి, కిందికి దిగకుండానే చెప్పాడు.

"రాజుపాలెం పొయ్యొచ్చాన్రా. మీ మావను చూశా. మంచం మీద పడుకోడంట. వసారాలో బండల మీదే, చెవి ఆనించుకుని పడుకుంటాడు. ఏంది మావా అంటే — దీని కింద మన ఆటుందేమోరా, బోర్లా పరిచుంటారు, అంటాడు."

"నా మాటేమన్నా అడిగాడా?"

కాలేషా గేరు వేశాడు.

"లేచిందా, అనడిగాడు. ఏందో నాకర్థం కాలా."

లారీ పోయింది. దుమ్ము చాలాసేపు గాలిలో నిలబడింది.

జరిగిందంతా వాడి నోటే విన్న లింగమ్మ, చేటలో బియ్యం చెరుగుతూ తల ఎత్తలేదు. "గెలిపిచ్చటం గొప్పనుకున్నావు," అంది. "ఓడటానికి కూడా నిజం ఉండాలయ్యా." మూలనున్న పలుగును కళ్ళతో చూపింది. "పో. మబ్బు పట్టకముందే పో."

పలుగుతోపాటు ఉలీ సుత్తీ సమ్మెటా తీసుకుని కొండలు క్వారీలోకి దిగాడు. గోడల మీద పాత పొరల అంచులు, ఒకదాని కింద ఒకటి, సాయంత్రపు వెలుగులో ఎర్రగా. ఒక్కో అంచు దగ్గరా ఒక ఆట ఉండేది. ఒక్కో అంచు దగ్గరా — వొచ్చే పొరలో కడతాన్రా నిన్ను.

అడుగున, లేవని పొర.

గీతల్లో దుమ్ము నిండింది. గంట్లు మాత్రం తెల్లగా ఉన్నాయి. వాడి వైపు చీమలబారు. ఎదుటి వైపు ఒకటే, ఒంటరిగా, అందంగా.

పలుగు మొన సందులో దూర్చాడు. బరువంతా వేశాడు. పొర లేవలేదు. పగిలింది. మూలుగుతూ పగిలింది. ముక్క తర్వాత ముక్క తీసి అవతల పారేశాడు. పులి గంట్లు పోయాయి. పులి కట్టుబడ్డ మూల పోయింది. ఆ ఒక్క గంటున్న ముక్క చేతికి వచ్చినప్పుడు ఆగాడు. రొమ్ముకు ఆనించుకున్నాడు. తర్వాత సమ్మెట తీసుకుని, దాన్ని పొడి పొడి చేశాడు.

కింద నల్లచట్టు. తడిగా, చల్లగా. ఒంటి మీద ఒక్క గీతైనా లేకుండా.

ఈ పొర మీద అందరికంటే ఎక్కువగా ఓడినవాడు ఎవరు?

కొండలు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఉలి పట్టాడు. మొదటి గీత గీశాడు.

నల్లరాయి తెగలేదు. వెంట్రుకంత తెల్లని చార పడింది, అంతే. తొలి చినుకులు పడ్డాయి. చార చెరిగింది. మళ్ళీ గీశాడు. మళ్ళీ చెరిగింది. మళ్ళీ...

వాన పెరిగింది. చింతగింజలు రాజుపాలెంలో ఉన్నాయి. పెంకులు వాడి చెంగున ఉన్నాయి.

ఉలి పక్కన పెట్టి, సుత్తి ఎత్తి, ఒక్క దెబ్బ కొట్టాడు.

కొట్టి, వంగి, నీళ్ళు నిండుతున్న ఆ నల్లని రాయికి చెవి ఆనించాడు — మోత నేల లోపలికి పోయి... మళ్ళీ పైకి వస్తుందేమోనని.