ఎర్రదారం వరసలు

కార్తీకం వెళ్ళి చలి మొదలైందని మా ఇంట్లో అందరికన్నా ముందు కొబ్బరినూనె సీసాకి తెలుస్తుంది. తెల్లారేసరికి గడ్డకట్టి కూర్చుంటుంది. దాన్ని కరగబెట్టడానికి నీళ్ళపొయ్యి గట్టు మీద పెడతారు. వీలు దొరికితే నేను దాని పక్కన అలాంటి సీసాలోనే గంజి పోసి పెడతాను. నిరుడు మా అన్నయ్య కొడుకు చరణ్‌తేజ ఆ గంజి తలకి రాసుకుని చేపల చెరువుకి వెళ్ళిపోయాడు. మధ్యాహ్నానికి జుట్టంతా అట్టకట్టి నిలబడింది. అప్పట్నుంచి మా ఇంట్లో ఏ సీసానీ వాసన చూడకుండా ఎవరూ ముట్టుకోరు.

మాది మండవల్లి దగ్గర, కొల్లేటి గట్టున. ఈ రోజుల్లో ఏడయినా మంచులో చెరువులు కనపడవు. చేపలకి గాలి అందేలా చెరువుల్లో తిరిగే ఏరేటర్ల చప్పుడే వినపడుతుంది. ఇడ్లీపిండి పులవదు, పాలు తోడుకోవు. మా వదిన పాలగిన్నెకి పాత దుప్పటి చుట్టి బియ్యం డబ్బాలో పడుకోబెడుతుంది, పసిపిల్లని పడుకోబెట్టినట్టు.

వదిన పేరు వెంకటనరసమ్మ. మా అన్నయ్య పోయి ఆరేళ్ళయింది. ఆవిడ కాపురానికి వచ్చేనాటికి నాకు పదేళ్ళు. ఇప్పుడు యాభై ఆరొచ్చినా ఇంకా అబ్బాయ్ అనే పిలుస్తుంది. నా పేరు బంగార్రాజని ఆవిడకి రేషన్ కార్డు తీసినప్పుడే గుర్తొస్తుంది.

ఈ ఏడు చలితో పాటు ఇంట్లోకి ఇంకో సంబరం వచ్చింది. చరణ్‌తేజ పెళ్ళాం అఖిలకి ఎనిమిదో నెల. తొమ్మిది రాగానే పురిటికి తాడేపల్లిగూడెం, పుట్టింటికి వెళ్తుంది. ఆలోగా బొంత తయారవ్వాలి. మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. బొంత ఎవరు కుడితే, పుట్టిన బిడ్డని ఆ బొంతలో చుట్టి ముందు వాళ్ళ ఒళ్ళోనే పెడతారు. చరణ్‌తేజకి మా అమ్మ కుట్టింది, మా అమ్మ ఒళ్ళోనే పెట్టారు. ఆ వంతు కోసం వదిన అన్నయ్య మెత్తటి పంచెలు పెట్టె అడుగున ఆరేళ్ళుగా దాచింది.

రోజూ పొద్దున్నే అరుగు మీద ఎండ పడేచోట చాప వేసుకుని కూర్చునేది. కూర్చోగానే నన్ను పిలిచేది. ఈ ఇంట్లో పనిలేకుండా కాఫీ తాగే మగాడివి నువ్వొక్కడివే, తాగిన కాఫీకైనా సూదులకి దారం ఎక్కించమని దెప్పేది. ఒకటి కాదు, పది సూదులు. ఎక్కించి గుడ్డముక్కకి వరసగా గుచ్చి ఇచ్చేవాణ్ణి. నా మీద వేళాకోళానికే అంత పని చెప్తోందనుకున్నాను.

వేళాకోళానికి బదులు తీర్చకపోతే నేను మరిదినెలా అవుతాను? ఒకరోజు పది సూదులకీ తెల్లదారం బదులు ఎర్రదారం ఎక్కించి ఇచ్చాను. తెల్ల పంచె మీద మొదటి కుట్టు పడగానే దారం ఉండ నా నెత్తి మీదకి వస్తుందని పేపరు అడ్డం పెట్టుకుని కాచుక్కూర్చున్నాను.

ఒక వరస అయింది. ఉండ రాలేదు. రెండో వరస కుడుతూ, కొల్లేటికి ఈసారి పెద్ద కొంగలు ముందే దిగాయట కదా అంది. మూడో వరసకి నా కాఫీ చల్లారిపోయింది. పేపరు దించి సరిగ్గా చూశాను. ఆవిడ బొంతకేసి చూడటం లేదు. ఎడమచేతి వేలు ముందు తడుముకుంటూ వెళ్తోంది, సూది ఆ వేలి వెనకాల వెళ్తోంది.

అప్పుడు ఒక్కొక్కటీ గుర్తొచ్చాయి. పోయిన వారం తీగ మీద ఆరేసిన నా చొక్కాని చూసి, ఎండలో అలా నిలబడ్డావేం అబ్బాయ్ అని కేకలేసింది. నన్నేడిపిస్తోందనుకుని రోజంతా నవ్వాను. పది సూదులూ వేళాకోళం కాదు. ఒక్క సూదికి కూడా ఆవిడ తనంతట తాను దారం ఎక్కించుకోలేకపోతోంది.

నాలుగో వరస అవుతుండగా అఖిల వచ్చింది. నడుం మీద చెయ్యి వేసుకుని బొంతకేసి చూసి ఆగిపోయింది.

"అత్తయ్యగారూ, ఎర్రదారంతో కుడుతున్నారేంటండీ?"

వదిన చెయ్యి ఆగింది. తల ఎత్తలేదు.

నా నోటికి అబద్ధం ఎప్పుడూ కొదవ లేదు. "దిష్టికమ్మా. తొలి బిడ్డ బొంతకి నాలుగు వరసలు ఎర్రదారం పడాలి. మా అమ్మ అలాగే కుట్టేది," అన్నాను.

"నేనెప్పుడూ వినలేదండి, చినమావయ్యగారూ."

"మీది గూడెం కదా. రైలొచ్చే ఊళ్ళో ఇలాంటివేం నిలుస్తాయి?"

అఖిల నన్ను నమ్మలేదు. నన్ను నమ్మడం మా ఇంట్లో ఎవరికీ అలవాటు లేదు. అత్తగారి వైపు తిరిగింది. వదిన ఆగిన సూదిని మళ్ళీ గుడ్డలోకి దింపింది.

"అవునమ్మా. నేనే మర్చిపోయాను. అబ్బాయి గుర్తు చేశాడు."

నలభై ఆరేళ్ళలో ఆవిడ నా మాటకి అవునన్నది అదే మొదటిసారి. అఖిల వంగలేక వంగి, వరసల మీద వేళ్ళు పోనిచ్చి, మిషన్ మీద కుట్టినా ఇంత తిన్నగా రాదని చెప్పి లోపలికి వెళ్ళింది. సాయంత్రానికి పక్కింటి రాజరత్నం తన మనవరాలి బొంతకని ఎర్రదారం అడిగి పట్టుకెళ్ళింది కూడా.

కోడలు లోపలికి వెళ్ళాక వదిన మెల్లిగా అడిగింది. "నాలుగు వరసలూ ఎర్రవేనా?"

అవునన్నాను. శుక్లాలై ఉంటాయి, ఏలూరులో చూపిస్తే ఆపరేషన్ చేస్తారు, సాయంత్రానికి ఇంటికొచ్చెయ్యచ్చని చెప్పాను. ఆవిడ సూది గుడ్డకి గుచ్చి, మడతపెట్టిన బొంత ఒళ్ళోకి లాక్కుంది.

"చూపించుకుంటే అందరికీ తెలుస్తుంది అబ్బాయ్. కళ్ళు ఆననిదాని చేతికి పసిగుడ్డునెవరిస్తారు? అఖిల ఇస్తానన్నా వాళ్ళమ్మ ఇవ్వనిస్తుందా? ముందు బిడ్డని ఎత్తుకోనీ. తరవాత చూద్దాం."

చల్లారిన కాఫీ తాగేశాను.

మర్నాడు మంచు మరీ దట్టంగా పడింది. నేను లేచేసరికి వదిన అరుగు మీదకి వచ్చేసి ఉంది. సూదుల గుడ్డ ఒళ్ళో పెట్టుకుని తడుముతోంది.

"ఇవాళ పిలవకుండానే ఎక్కించేశావే. ఏ రంగు?"

దగ్గరికెళ్ళి చూశాను. పది సూదులు. అయిదింటికి తెల్లదారం, అయిదింటికి ఎర్రదారం. ఎర్రవి ఒక పక్క, తెల్లవి ఒక పక్క. తెల్లదారాలన్నిటికీ చివర చిన్న ముడి, చేత్తో తడిమితే ఏది ఏదో తెలిసేలా.

"నేను ఎక్కించలేదు వదినా," అన్నాను.

నా అబద్ధాలు ఆవిడకి తెలిసినట్టే నా నిజం కూడా తెలుస్తుంది. ఒక్కో దారం చివరిదాకా వేళ్ళతో చూసుకుంది. ముడి దగ్గర ఆగింది. మళ్ళీ చూసుకుంది. వంటింట్లో అఖిల గాజుల చప్పుడు వినపడుతోంది.

సూదుల గుడ్డ పక్కన పెట్టి అడిగింది. "ఏలూరు బస్సు ఎన్నింటికి అబ్బాయ్?"

"ఏడున్నరకి."

"నీ మాట నమ్మి నిరుడు గంటన్నర రోడ్డు మీద నిలబడ్డాను," అని, వంటింటి వైపు తిరిగి గొంతెత్తింది. "అఖిలా, ఏలూరు బస్సు ఎన్నింటికమ్మా?"

గాజుల చప్పుడు ఆగింది.

"ఎనిమిదింపావుకండీ," అంది అఖిల లోపల్నుంచి. "టిఫిన్ చేసేసి బయల్దేరండి. బొంత ఇక్కడే ఉంచండి అత్తయ్యగారూ, నేను ముట్టుకోను. మీరొచ్చాకే పూర్తి చేద్దురుగాని."