ఆరోగ్యవంతులు కావలెను

మా ఆవిడ మీనాక్షికి ఎవరినీ నొప్పించడం చేతకాదు. ఆ సంగతి తెలీక పాపం కృష్ణమోహన్ మా ఇంటికొచ్చాడు.

1981. అమెరికాలో రాలీ అనే ఊళ్ళో ఒక ల్యాబ్‌లో అతని రీసెర్చ్. హిప్పీలు మింగి ఒళ్ళు తెలీకుండా తూగిన మందునే ఆవగింజలో వందో వంతు ఇస్తే, ఏ జబ్బూ లేని మనిషి మనసు చురుగ్గా అవుతుందా అని. షరతల్లా, అలాంటివి జన్మలో ముట్టనివాళ్ళు కావాలి. అమెరికన్లని అడిగితే, డీన్‌గారి సెక్రటరీతో సహా అందరూ కాలేజీలో రుచి చూసినవాళ్ళే! చివరికి తెలుగువాళ్ళ మీద పడ్డాడు. బీరు వాసనకే ముక్కు మూసుకునే ఆడవాళ్ళు కావలసినంతమంది దొరికారు.

"సగంమందికి మందు, సగంమందికి ఉత్త పిండి. ఎవరికేదో నాకూ తెలీదు బావగారూ. తేడా కనిపిస్తే ఉద్యోగం నిలుస్తుంది, లేదా ల్యాబ్ మూసేస్తారు" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో చేరిన ఆడవాళ్ళందరి ముందూ అన్నాడు. అక్కడే చెడింది.

నేను కెమిస్టుని. నోరూరుకోక, "ఆ మాత్ర పైతొడుగు పశువుల ఎముకల జిగురే" అన్నాను, అతను మాత్రలు పంచి వెళ్ళాక. "ఛీ ఛీ!" అంటూ మీనాక్షి మాత్రల్ని సింక్‌లో పోసి, తన స్నేహితురాలు సరోజకి ఫోన్ చేసింది. సరోజ మిగతావాళ్ళకి చేసింది. ఆ మందు రాలీ డ్రైనేజీకి తప్ప ఎవరికీ ఒంటబట్టలేదు.

"చెప్పెయ్యవే" అన్నాను.

"ఎలా చెప్పనండీ? అంత ఆశగా అడుగుతుంటే!"

అతను శనివారం వచ్చి ఎలా ఉందమ్మా అంటే, "బ్రహ్మాండంగా ఉంది అన్నయ్యగారూ, మనసు దూదిపింజలా తేలిపోతోంది" అంది. సరోజ ఇంకో మెట్టెక్కి, వీణ మళ్ళీ మొదలుపెట్టానంది. వాళ్ళింట్లో వీణే లేదు.

మూడు నెలలయ్యాక చూస్తే మందువాళ్ళూ బ్రహ్మాండమే, పిండివాళ్ళూ బ్రహ్మాండమే. తేడా లేదు, మూసెయ్యమన్నారు పైవాళ్ళు.

"ఆ పిండివాళ్ళని బాగుందని ఎవరు చెప్పమన్నారు?" అని మా ఆవిడకి ఒళ్ళుమండిపోయింది.

మర్నాడు కృష్ణమోహన్ వచ్చాడు. మొహం పీక్కుపోయింది. "ఒక్క దారుందమ్మా. మాత్రలు ఎవరైనా మానేసి ఉంటే ఈ ఫలితం చెల్లదు, మళ్ళీ చెయ్యనిస్తారు. నేనేమీ అనుకోను. నిజం చెప్పు, మింగావా?"

చెప్పవే తల్లీ, అతని ఉద్యోగం నీ నోట్లో ఉంది! నేను గుడ్లురిమాను. మీనాక్షికి కళ్ళనీళ్ళు తిరిగాయి.

"ఎంత మాటన్నారు అన్నయ్యగారూ! మీరిచ్చినవి మానేస్తానా? ఒక్కటీ వదల్లేదు."

అతను నా వైపు తిరిగాడు. నేను నోరు తెరిచాను. ఎదురుగా ఆ మొహం పెట్టుకుని కూర్చుంటే ఏం చెప్పను, నా తలకాయ!

"నా కళ్ళ ముందే మింగేది" అన్నాను.

కృష్ణమోహన్ లేచి ఇద్దరికీ చేతులు జోడించాడు.

"మీదే ఆఖరి ఇల్లు బావగారూ. అందరూ ఇదే మాటన్నారు. మనవాళ్ళంత నిజాయితీపరులు ఎక్కడా ఉండరు" అని, ల్యాబ్ తాళాలు అప్పజెప్పడానికి వెళ్ళిపోయాడు.