మూరెడు దాటిన పార

నేను ఒక పారను. మట్టి తవ్వే పారను కాను సుమా, మంచు ఎత్తే పారను. పాలకొండలో, ఈ రేకుల పంచలో, ధాన్యం బస్తాల పక్కన గోడకి ఆనుకుని ఈ మాట చెబుతుంటే మీకు నవ్వొస్తుంది. నవ్వండి, నాకేం బాధ లేదు. వచ్చినవాళ్ళందరూ నవ్వినవాళ్ళే. "మంచేటి, దాన్ని ఎత్తడానికి పారేటి?" అని పోయిన వారమే ఒకాయన నన్ను అటూ ఇటూ తిప్పి చూశాడు. ఆయన ఎరిగిన మంచు మార్గశిరం తెల్లవారుజామున పొగలా పడి, ఎండెక్కేసరికి పోయేది. నేనెరిగిన మంచు మనిషి నడుము దాకా వస్తుంది.

నేను పుట్టింది జపాన్ ఉత్తరాన, కొండల మధ్య ఒక చిన్న ఊళ్ళో. పిడికీ పళ్ళేనికీ మధ్య అతుకు లేకుండా ఒకే దుంగలోంచి చెక్కాడు నన్ను ఒక వరి రైతు. చలికాలం పొలం పని ఉండదు కదా, పొయ్యి దగ్గర కూర్చుని చెక్కాడు. చెక్కింది తన కోసం కాదు, కొత్తగా కాపురానికి వచ్చిన పెళ్ళాం కోసం. పెళ్ళానికి చీర తెచ్చేవాళ్ళున్నారని విన్నాను, పూలు తెచ్చేవాళ్ళున్నారని విన్నాను. పార చేసిచ్చిన మగాణ్ణి మాత్రం ఆయన్నొక్కణ్ణే చూశాను. ఆవిడ పేరు హత్సుయే. నన్ను చేతిలోకి తీసుకుని "బరువుగా ఉంది" అంది. ఆయన మారు మాట్లాడకుండా ఇంకో రెండు రోజులు చెక్కాడు. ఆ తర్వాత యాభై చలికాలాలు నేను ఆవిడ చేతిలోనే ఉన్నాను. ఆయన మధ్యలోనే పోయాడు.

ఆవిడకి డెబ్బయ్యెనిమిదేళ్ళప్పుడు పక్కనున్న చిన్నింట్లోకి నాగావళి అద్దెకి వచ్చింది. పాలకొండ పిల్ల. అక్కడి యూనివర్సిటీలో చలికి తట్టుకునే వరి మీద చదువు. మొదటి మంచు పడిన పొద్దున ఆ పిల్ల ఏం చేసిందో తెలుసా? చెత్త ఎత్తే చేటతో వాకిలి శుభ్రం చెయ్యబోయింది. గంట గడిచినా గుమ్మం దాటలేదు. కిటికీలోంచి కాసేపు వినోదం చూసి, నవ్వు ఆపుకోలేక, హత్సుయే గారు నన్ను పట్టుకుని వచ్చారు.

ఇక్కడో సంగతి చెప్పాలి. ఆవిడ మాట్లాడేది పుస్తకాల్లో భాష కాదు, పొలంగట్టు మాట. నాగావళి సాయంత్రం పూట వాళ్ళమ్మకి ఫోను చేసి, ఆవిడ అన్న ప్రతి మాటా పాలకొండ మాటల్లోకి దించి చెప్పేది. గుమ్మం దగ్గర నిలబడి వినీ వినీ నాకు తెలుగు వచ్చింది. అందుకే హత్సుయే గారి మాటలు నాకిప్పటికీ పాలకొండ యాసలోనే, ఆడపిల్లని ‘గుంట’ అనే యాసలోనే వినిపిస్తాయి.

"ఒలే ఎర్రిగుంటా, నడుం వంచకు. మోకాళ్ళు వంచు. పార నిండా ఎత్తీకు, సగమే ఎత్తు. ఇయాలొక్కరోజు పని కాదిది, మూడు నెల్లు తియ్యాల."

అలా మొదలైంది. నన్ను ఆ పిల్లకి ఇచ్చేసి ఆవిడ ప్లాస్టిక్ పార ఒకటి కొనుక్కున్నారు. నాకు కోపం వచ్చింది, దాయడమెందుకు. కానీ ఆ పిల్ల నన్ను రోజూ తుడిచి, ఎండబెట్టి, లోపల నిలబెట్టేది. కోపం ఎన్నాళ్ళుంటుంది?

ఒకసారి ల్యాబులో నాలుగు నెలలు పెంచిన నారంతా ఒక్క వారంలో చచ్చిపోయింది. నాగావళి గదిలో ముడుచుకు కూర్చుని, చదువు మానేసి ఇంటికి పోతానంది. హత్సుయే గారు ఓదార్చలేదు. నన్ను ఆ పిల్ల చేతిలో పెట్టి వాకిట్లోకి తోశారు. "ముందరెంతున్నాదో సూడకు. ఎనకెంత తీసినావో సూడకు. పార ముందరున్నది తియ్యి." ఆ పిల్ల ఏడుస్తూనే తీసింది. తీసి తీసి ఆకలేసి, ఆవిడింట్లో రెండు గిన్నెల అన్నం తింది. మర్నాడు ల్యాబుకి వెళ్ళింది.

ఆవిడ చెప్పినవాటిలో అన్నిటికన్నా గట్టిగా చెప్పింది ఒకటుంది. "నీ గుమ్మం ముందర తీసినాక, పక్కోల గుమ్మం వైపు మూరెడు తియ్యి. మూరెడే. దాటకు."

"ఎందుకు మామ్మా? ఇంకాస్త తీస్తే పుణ్యమే కదా?"

"దాటొద్దన్నాను గదా. పద, టీ సల్లారిపోతంది."

ఎందుకో నాకు తెలుసు. ఆ పిల్ల రాకముందు ఏడాది, ఆ చిన్నింటికి ఆవలి పక్కింట్లో ఉండే కుదో అనే ముసలాయన వాకిట్లో మంచు ఒకరోజు పొద్దున ఏడు గంటలు దాటినా అలాగే ఉంది. హత్సుయే గారు నన్ను గోడకి ఆనించి పరుగులాంటి నడకతో వెళ్ళి తలుపు బాదారు. ఆయన మూడు దుప్పట్ల కింద కాలిపోతున్న జ్వరంతో ఉన్నాడు. ఆ ఊళ్ళో అంతా ఒంటరి ముసలివాళ్ళే. పొద్దున్నే ఎవరి వాకిలి వాళ్ళు తీసుకున్నారంటే బతికి, లేచి, తిరుగుతున్నారని అర్థం. తియ్యలేదంటే తలుపు కొట్టాలి. పుట్టినప్పట్నుంచీ చూస్తున్న సంగతి కాబట్టి దాన్ని విడమరిచి చెప్పాలని ఎవరికీ తోచదు. మనుషులింతే. ముఖ్యమైనది అందరికీ తెలుసనుకుంటారు.

మూడో చలికాలం హత్సుయే గారికి దగ్గు పట్టుకుంది. మణికట్టు వాచింది. నాగావళికి మనసు ఆగలేదు. ఒకరోజు తన వాకిలి అయ్యాక మూరెడు దగ్గర ఆగకుండా నన్ను ముందుకు తోసింది. ఆవిడ గుమ్మం మెట్టు దాకా చక్కగా తీసేసింది. నేనూ హుషారుగానే వెళ్ళాను. యాభై ఏళ్ళు ఎరిగిన వాకిలి కదా, అమ్మగారింటికి వెళ్ళినట్టుంది నాకు.

ఆవిడ కిటికీ తీశారు. ముఖం చిట్లించారు.

"ఎవలు తియ్యమన్నారే నిన్ను?"

"మీకు దగ్గు కదా మామ్మా!"

తిట్టబోయి ఆవిడ ఆగిపోయారు. ఆ ముఖంలో సంతోషం నేను చూశాను. కాదంటే అబద్ధం. "ఏల తియ్యకూడదో రేపు సెప్తాన్లే. బస్సెల్లిపోతాది, నువ్వు బేగి పో," అన్నారు.

ఆ రేపు రాలేదు. అంటే తెల్లవారింది గానీ ఆవిడ కిటికీ తెరుచుకోలేదు. మంచు ఎడతెరిపి లేకుండా పడింది. నాగావళికి ఆ వారంలోనే పెద్ద ప్రొఫెసర్ల ముందు తన పని చెప్పుకోవాల్సి ఉంది. తెల్లారకుండా లేచి రెండు వాకిళ్ళూ తీసి, బస్సు పట్టుకుని, చీకటి పడ్డాక వచ్చేది. లోపల దీపం వెలుగుతూనే ఉంది. అది చూసి, పడుకున్నావిణ్ణి లేపడమెందుకని పిలవలేదు. రెండో రోజు కుదో అటు వెళ్తూ పోస్టుమాన్‌తో అన్నాడు, "హత్సుయే గారి దారి చూశావా, ఎంత శుభ్రంగా ఉందో. దగ్గు తగ్గినట్టుంది." నేను విన్నాను. మూడో రోజు నా అంచు ఆ గడపకి తగిలింది. తలుపు జరిగే గాడిలో మంచు గడ్డకట్టి ఉంది. మూడు రోజులుగా ఆ తలుపు కదల్లేదు. నాకు తెలిసిపోయింది. తెలిసి ఏం చేశాను? ఆ మెట్టు మీద మంచు కూడా ఎత్తి పక్కన పోశాను. పారని కదా.

నాలుగో రోజు ఎండ వచ్చింది. ప్రొఫెసర్లు మెచ్చుకున్నారు. నాగావళి పులిహోర కలిపి, డబ్బాలో పెట్టుకుని, ఆ సంగతి చెప్పడానికి వెళ్ళి తలుపు కొట్టింది. మళ్ళీ కొట్టింది. మూడోసారి కొట్టి, ఆ పిల్ల కుదోని కేకేసింది. కుదో వచ్చి తలుపు పగలగొట్టాడు. హత్సుయే గారు వంటింటి గుమ్మంలో పడి ఉన్నారు. తుంటి విరిగింది. ప్రాణం ఉంది.

ఆసుపత్రికి నన్నెవరు తీసుకెళ్తారు? ఆ తర్వాతిదంతా నాగావళి వాళ్ళమ్మ నీలవేణికి స్పీకరు పెట్టి ఫోనులో చెబుతుంటే గుమ్మం దగ్గర నిలబడి విన్నదే.

"పోనారమ్మా. ఐదు రోజులున్నారు. మొదటి రోజే తెస్తే బతికీవోరని డాక్టరు కుదో తాతకి సెప్తంటే ఇన్నాను."

"నీ తప్పేటుందే ఇందల? నువ్వు మంచికే సేసినావు గదా."

"మంచికే సేసినానమ్మా. మంచు తియ్యని గుమ్మం సూస్తే తలుపు కొడతారంట ఇక్కడ, ఆవిడే సెప్పినారు. నాను తియ్యకపోతే ఆ రోజే ఎవలో ఒకలు తలుపు కొట్టీవోరు." కాసేపు ఏడుపే వినిపించింది. "మీ దారి నానే తీసినాను మామ్మా అని ఆవిడ సేతులు పట్టుకున్నాను. తెలుసు అన్నారు. పడిపోనాక పిలిసినాను, గొంతు రాలేదు అన్నారు. 'పొద్దున్నే నీ పార సప్పుడు ఇనిపించీది. గుంట లెగిసింది, బాగున్నాది అనుకున్నాను. రోజూ ఆ సప్పుడు కోసమే సూసినాను' అన్నారమ్మా."

నాగావళి ముక్కు చీదుకుని మళ్ళీ అందుకుంది.

"ఏల తియ్యకూడదో సెప్పకపోడం నా ఆలీసమే, నువ్వేడవకు అని కూడా అన్నారు."

అది విన్నాక నేను మళ్ళీ మంచు ముట్టకూడదనుకున్నాను. అనుకుంటే సరిపోతుందా? కానీ ఆ మర్నాడు నిజంగానే నన్నెవరూ ముట్టుకోలేదు. అంత్యక్రియల నుంచి వచ్చిన నాగావళి మంచం దిగలేదు. వాకిట్లో మోకాలెత్తు మంచు. ఏడు దాటింది. అప్పుడు తలుపు చప్పుడైంది. కుదో. చేతిలో ఆయన పార ఉంది. కావాలంటే ఆ వాకిలి పది నిమిషాల్లో తీసెయ్యగలడు. తన వైపు నుంచి మూరెడు తీసి ఆపేశాడు.

"నీ మంచు అలాగే ఉంది. అందుకని వచ్చాను," అన్నాడు.

ఒక్క నింద కూడా వెయ్యలేదు. నాగావళి ఆయన కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. ఆయన గుమ్మంలోనే నిలబడి, ఆ ఏడుపు అయ్యేదాకా ఉన్నాడు.

చదువు పూర్తయ్యాక నాగావళి బట్టలు సగం వదిలేసి నన్ను మూట కట్టుకుని పాలకొండ తెచ్చుకుంది. ఇప్పుడు దగ్గర్లోనే వరి పరిశోధన చేసేచోట ఉద్యోగం. నీలవేణి నాతో కళ్ళంలో ధాన్యం తిరగేస్తుంది. ధాన్యం వెచ్చగా ఉంటుంది. ఇంకా అలవాటు కాలేదు.

పాలకొండలో మంచు లేకపోతేనేం, ముగ్గు ఉంది. మొన్నొక పొద్దున నీలవేణి కళ్ళాపి చల్లి, ముగ్గు గిన్నె పట్టుకుని కూతురితో అంది, "పక్కింటి దాలమ్మత్త మోకాలి నెప్పులకి వంగలేకపోతంది. ఒక్కర్తీ ఉంటాది, పాపం. రేపట్నుంచి ఆల గుమ్మం ముందర కూడా నానే ముగ్గేసెత్తాను."

నాగావళి చేతిలో టీ గ్లాసు కింద పడింది. "వద్దమ్మా!" అని అరిచిన అరుపుకి రేకుల మీద కాకులు లేచిపోయాయి. "ముగ్గు నువ్వెయ్యకు. వంకర గీతయినా ఆవిణ్ణే గియ్యనీ. ఏసిందో లేదో మనం సూద్దాం."

నీలవేణికి అంతా తెలుసు కాబట్టి ఎదురు చెప్పలేదు. మర్నాడు తన ముగ్గు గీతని దాలమ్మ గుమ్మం వైపు మూరెడు లాగి, అక్కడ ఆపేసింది.

ఇవాళ పొద్దున ఏడయినా దాలమ్మ గుమ్మం బోడిగానే ఉంది. నాగావళి తల దువ్వుకుంటున్నది దువ్వుకుంటున్నట్టే పరిగెత్తింది. ఆ తలుపు బాదడం వీధి వీధంతా విన్నది. నా ఒళ్ళు కూడా అదిరింది. ఒకసారి. రెండుసార్లు. మూడోసారికి తలుపు తెరుచుకుంది. పళ్ళపొడి నోటితో దాలమ్మ.

"ఏటే, ఇల్లంటుకుపోనాదేటి? నిద్దర పట్టీసింది. నిద్దరోకూడదేటి మనిషి?"

నాగావళి నవ్వింది. నవ్వుతూనే ఆ మెట్టు మీద కూర్చుని, మోకాళ్ళలో తల పెట్టుకుని ఏడ్చేసింది. ఎందుకో తెలియక దాలమ్మ పళ్ళపొడి ఉమ్మేసి వచ్చి, పక్కన కూలబడి, ఆ పిల్ల వీపు నిమురుతూ ఉండిపోయింది.

నేను పంచలోంచి చూస్తున్నాను. నాకు చేతులు లేవు. ఒక్క చెయ్యి ఉండి ఉంటే, ఆ మూడో రోజు ఆ మెట్టు మీద మంచు ఎత్తేదాన్ని కాదు. తలుపు కొట్టేదాన్ని.