నూకరత్నం పాదం

నేను ఒక ఫోన్‌ని. పెళ్ళిళ్ళూ పేరంటాలూ ఫోటో తీసే భాగ్యం నాకు లేదు. ఏదో ఫ్యాక్టరీలో వేలమంది తోబుట్టువులతో పుట్టి, ఉప్పాడ దగ్గర ఒక సముద్రపు పల్లెలో ఆరోగ్య కేంద్రానికి చేరాను. నర్సు ఏస్తేరు చేతిలో నా పని ఒక్కటే: షుగరు జబ్బువాళ్ళ అరికాలి పుళ్ళను ఫోటో తీయడం. పుండు పక్కన ఆమె చిన్న కొలత చీటీ పెట్టేది. నేను పుండు అంచు వెంట గీత గీసి, ఎన్ని చదరపు సెంటీమీటర్లుందో, కొత్త కండ ఎంత పట్టిందో లెక్కగట్టి చెప్పేదాన్ని. మనుషులు రోజుకు పదిసార్లు మొహం చూసుకుంటారు. అరికాలు చూసుకునేవాళ్ళు మాత్రం నాకింతవరకు తగల్లేదు.

నూకరత్నమూ అంతే. యాభై దాటిన మనిషి, చేపల గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మేది. స్పర్శ పోయిన పాదంలో గుల్లపెంకు గుచ్చుకుంటే వారందాకా తెలియనే లేదు. నెలలో తగ్గుముఖం పట్టకపోతే పాదం తీసేయాలన్నాడు పట్నం డాక్టరు.

"కాలు తీసేత్తే గంపెలా ఎత్తేది నర్సమ్మా?"

"తియ్యనివ్వం పిన్నీ. నువ్వు ఆ కాలు కింద మోపకు, చాలు."

మొదటి రోజు ఆరు చదరపు సెంటీమీటర్లు. రెండు వారాలకు నాలుగున్నర. మూడో వారం ఐదున్నర! నేనే తప్పానేమోనని ఏస్తేరు మళ్ళీ తీసింది. అదే లెక్క.

"నడిచావా పిన్నీ?"

నూకరత్నం గోడకేసి చూసింది. "సందువా చేపలు బాగా పడ్డాయని రెండ్రోజులు ఎల్లాను. నొప్పెట్టలేదు గదమ్మా!"

ఏస్తేరు కోప్పడలేదు. మూడు ఫోటోలూ పక్కపక్కన పెట్టి, నన్ను ఆమె చేతికిచ్చింది. తన అరికాలిని నూకరత్నం చూడడం అదే మొదలు. చాలాసేపు చూసి, తెర మీద బొటనవేలితో మెల్లగా నిమిరింది.

"ఇది నా కాలేనా? పాపం, ఎంత మోసిందో!" అంది, ఎవరి బిడ్డనో చూసినట్టు.

గంప తోటికోడలు ఎత్తుకుంది. మూడురోజులకోసారి ఏస్తేరు ఇంటికే వెళ్ళి కట్టు మార్చేది. నెల తిరిగేసరికి మూడుంబావు. నేను పంపిన ఫోటోలు చూసి డాక్టరు కోత మాట ఎత్తలేదు. తర్వాత రెండు, ఒకటి, అర.

నాలుగో నెలలో ఒక ఉదయం, ఎంత వెతికినా గీత గీయడానికి నాకు అంచు దొరకలేదు. 'గాయం కనబడలేదు. మళ్ళీ ఫోటో తీయండి' అన్నాను. తీసింది. మళ్ళీ అదే మాట. విసుక్కుంటూ నా కంటిని కొంగుతో తుడిచి మూడోసారి తీసి, చప్పున ఆగిపోయింది.

"ఏటైందమ్మా? పెరిగిందా?" నూకరత్నం తెరకేసి మెడ సాచింది.

ఏస్తేరు ఆ పాదాన్ని రెండు చేతులా ఒళ్ళోకి తీసుకుంది. "లేదు పిన్నీ. పుండు లేదంటోంది."

ఇప్పుడు నా స్థానంలోకి కొత్త ఫోను వచ్చింది. కట్టుగుడ్డల పెట్టెల మధ్య, బీరువా కింది అరలో ఉంటున్నాను. షుగరు పరీక్షకు నూకరత్నం వచ్చినప్పుడు కొత్త చెప్పుల చప్పుడు వరండాలో వినిపిస్తుంది. అది రెండు కాళ్ళ చప్పుడు.