నాలో మునగని చెంచా

నేను ఒక మట్టి గిన్నెను. నల్లగా, బరువుగా, అడుగు మందంగా ఉంటాను. పుట్టింది కొరియాలో, ఒక ముసలి కుమ్మరి చేతుల్లో. మా దేశంలో నాకు ఒక్కటే పని. పొయ్యి మీద కుతకుతమని ఉడికి, ఆ ఉడుకుతోనే భోజనాల బల్ల మధ్యకు రావడం. చుట్టూ కూర్చున్నవాళ్లంతా ఎవరి చెంచా వాళ్లు నాలోనే ముంచుకుని తింటారు. ఎంగిలి అనే మాట నేను పెనుకొండ వచ్చాకే విన్నాను.

పెనుకొండ దగ్గర ఒక ఫ్యాక్టరీలో ఇంజనీరుగా చేరిన పార్క్ గారు నన్ను చొక్కాల మధ్య చుట్టి తెచ్చారు. ఆయన గెస్ట్‌హౌసులో వంటమనిషి ఓబులమ్మ. పులియబెట్టిన క్యాబేజీ, కోడిమాంసం, మిరప్పొడి వేసి పులుసు కాచడం ఆయనే నేర్పారు. నెల తిరక్కుండానే ఆ రుచి ఆమె చేతికి పట్టుబడింది. మొదటిసారి ఆయన వచ్చీరాని తెలుగులో "కూచో, తిను" అని చెంచా అందిస్తే ఆమె గోడకు అతుక్కుపోయింది. పాపం, ఊళ్లో టీ అంగడి దగ్గర ఆమెవాళ్లకు గ్లాసే వేరు. ఇక్కడ దొర తింటున్న గిన్నెలో తన చెంచా ముంచాలంటే మాటలా? కొన్నాళ్లకు అలవాటైంది. ఆ బల్ల దగ్గర ఆమె నవ్వుతూ తింటుంటే నాకు ఎంత హాయిగా ఉండేదో.

పార్క్ గారికి తిరుగు ప్రయాణం వచ్చింది. పోయేలోగా ఓబులమ్మను ఫ్యాక్టరీ క్యాంటీనులో వంటమనిషిగా పెట్టించాలని ఆయన కోరిక. అది మేనేజరు హరినాథ్ చేతిలో పని. అందుకే అతన్ని భోజనానికి పిలిచారు. హరినాథ్ ఆమె పులుసును ఎన్నోసార్లు వేరే గిన్నెలో పోయించుకుని లొట్టలేసుకుంటూ తిన్నవాడే. ఆ రోజు పార్క్ గారు నన్ను మధ్యలో పెట్టి, ఓబులమ్మనూ కూర్చోబెట్టి, వండిన మనిషే ముందు తినాలని పట్టుబట్టారు. ఆమె చెంచా ముంచింది. హరినాథ్ చెంచా బల్ల మీదే ఆగిపోయింది. శనివారం, ఒక్కపొద్దు అని చెప్పి లేచాడు. అంతకుముందే పక్క పళ్లెంలోంచి రెండు వేయించిన చేప ముక్కలు నమిలిన నోటితో చెప్పాడు. ఆమె వంట పనికొచ్చింది, ఆమె చెంచా పనికిరాలేదు. పార్క్ గారు అతని భక్తిని మెచ్చుకున్నారు. ఓబులమ్మ తలెత్తలేదు.

క్యాంటీనులో ఆమెకు పని దొరికింది, అంట్లు తోమే పని. పార్క్ గారు పోతూ పోతూ నన్ను ఆమెకే ఇచ్చారు. విలువైన వస్తువు, మీ ఇంట్లో పగిలిపోతుందంటూ హరినాథ్ నన్ను తీసుకుని ఆఫీసు ముందుగదిలో అద్దాల బీరువాలో పెట్టించాడు. స్నేహానికి గుర్తు అని చీటీ కూడా అంటించాడు. ఆ స్నేహం తాళంచెవి మాత్రం అతని జేబులోనే ఉంటుంది. రోజూ పొద్దున్నే బయటినుంచి అద్దం తుడిచేది ఓబులమ్మే.

మొన్న కొత్త కొరియా దొర వచ్చాడు. నన్ను చూడగానే ముఖం విప్పారింది. మేమంతా కలిసి ఇందులోనే తినేవాళ్లమని హరినాథ్ ఇంగ్లీషులో చెప్పి, వండింది ఈమేనని పక్కనే అద్దం తుడుస్తున్న ఓబులమ్మను చూపించాడు. పార్క్ గారి దగ్గర చెవిన పడ్డ ఇంగ్లీషుతో ఓబులమ్మకు ఆ మాత్రం అర్థమైంది. చేతిలో గుడ్డతోనే ముందుకొచ్చింది. అంత ధైర్యం ఆమెలో ఉందని నాకే తెలియదు.

"అబద్ధం సార్. ఈయప్ప ఒక్క చెంచా గూడా ముట్టలేదు. నేను ముట్టినానని లేచిపాయ."

దొరకు తెలుగు రాదు. ఏమంటోందని హరినాథ్‌ను అడిగాడు.

"పులుసు చాలా బాగుండేదని అంటోంది సార్."

దొర ఓబులమ్మ వైపు తిరిగి, నవ్వుతూ, నడుం వంచి నమస్కరించాడు.